తెమొటు దీవుల భాషలు ఏ కుటుంబానివి? తరచుగా అడిగే ప్రశ్నలు

పసిఫిక్ సముద్రంలో, సాలమన్ దీవుల తూర్పు కొసన మాట్లాడే తెమొటు భాషల ప్రస్తావన ఎప్పుడొచ్చినా నన్ను అడిగే సందేహాలు దాదాపు ఇవే. భాషాశాస్త్రం చదివే పిల్లలు అడిగినవి కొన్ని, పోటీ పరీక్షలవాళ్లు అడిగినవి కొన్ని, "ఇదంతా మనకెందుకండీ" అనేవాళ్లవి కొన్ని. వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. వరసగా చదవక్కర్లేదు, కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. పై ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు: ఇవి ఆస్ట్రోనేషియన్ కుటుంబంలో ఓషియానిక్ శాఖవి. అది తేలడానికి ఎందుకు అన్నేళ్లు పట్టిందన్నదే మిగతా కథ.

## ఎక్కడ, ఎవరు, ఎన్ని

తెమొటు అనే పేరే వినలేదు. ఎక్కడుంది?

సాలమన్ దీవుల దేశంలో అన్నిటికన్నా తూర్పున ఉన్న ప్రావిన్సు. ప్రధాన దీవుల వరస దాటాక దాదాపు 400 కిలోమీటర్ల ఖాళీ సముద్రం, ఆ తర్వాత ఈ దీవులు. పెద్దది నెండో, పాత పటాల్లో దీని పేరు శాంతాక్రూజ్. ప్రావిన్సు ముఖ్యపట్టణం లాటా దీని మీదే ఉంది. ఉత్తరాన చిన్న చిన్న రీఫ్ దీవులు, టినకులా అగ్నిపర్వతం. ఆగ్నేయంగా వెళ్తే ఉటుపువా, ఇంకా ముందుకు వనికోరో.

యూరప్ వాళ్ల ఓడల చరిత్రలో ఈ దీవులకు మంచి పేరేం లేదు. 1595లో స్పెయిన్ నావికుడు మెండాన్యా నెండోలో వలస పెట్టబోయి అక్కడే చనిపోయాడు, మిగిలినవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. 1788లో ఫ్రెంచి నావికుడు లాపెరూజ్ ఓడలు రెండూ వనికోరో పగడపు దిబ్బలకు తగిలి పగిలిపోయాయి. వాటి జాడ వెతుకుతూ 1828లో ద్యూమాన్ ద్యుర్విల్ ఓడ వచ్చింది. అందులో వచ్చిన డాక్టరు గైమార్ వనికోరో మాటలు రాసుకున్నాడు. ఓడలు పగలడం వల్ల భాషలకు జరిగిన మేలు అదొక్కటే.

మొత్తం ఎన్ని భాషలు? పేర్లు చెప్పండి.

పది దాకా. రీఫ్ దీవుల్లో ఆయివో. నెండోలో నతుగు, నలొగో, ఎంగ్‌దేవు. ఉటుపువాలో అంబా, అసుంబోవా, తనింబిలి. వనికోరోలో తెయాను, లొవోనో, తానెమా. ఏది భాష, ఏది మాండలికం అన్నదాన్ని బట్టి అంకె ఒకటీ అరా అటూఇటూ అవుతుంది, ముఖ్యంగా నెండో దీవిలో. దీని మీద వాదించుకుని లాభం లేదు, ఎందుకంటే వర్గీకరణ ఈ అంకె మీద ఆధారపడదు.

అన్నీ ప్రమాదంలో ఉన్నవేనా?

ఒకే స్థాయిలో లేవు. ఆయివో, నతుగు మాట్లాడేవాళ్లు వేలల్లో ఉన్నారు, ఇళ్లలో పిల్లలు ఇంకా మాట్లాడుతున్నారు. నలొగో, తెయాను, అంబా వాటికన్నా చాలా చిన్నవి. అంబాకు కొన్ని వందల మందే. ఎంగ్‌దేవు ఇంకా చిన్నది. అసుంబోవా, తనింబిలి 1990ల చివరి లెక్కల్లోనే ఇరవై మందికి లోపు. లొవోనో, తానెమా మాట్లాడేవాళ్లయితే 2005 నాటికే వేళ్ల మీద లెక్కపెట్టేంత. వేల మంది ఉన్నారు కదా అని ఆయివో గురించి నిశ్చింతగా ఉండటానికీ లేదు. దేశం మొత్తానికి వాడుక భాష ఇంగ్లిషు మాటల నుంచి పుట్టిన సాలమన్ పిజిన్, ఆఫీసు భాష ఇంగ్లిషు. ఉద్యోగానికో చదువుకో రాజధాని హొనియారా చేరిన కుటుంబంలో రెండో తరానికి ఏ భాష మిగులుతుందో ఊహించుకోవచ్చు.

ఆస్ట్రోనేషియన్, ఆస్ట్రోఏషియాటిక్ ఒకటేనా? నికోబార్ భాషలు ఆస్ట్రోనేషియన్‌లోవేనా?

ఒకటి కాదు. పరీక్షల్లో అందరూ పడే చోటు ఇదే. "ఆస్ట్రో" అంటే దక్షిణం అని మాత్రమే, చుట్టరికం అని కాదు. మన శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవర భాషది ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం, అందులో ముండా శాఖ. గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసింది ఈ భాషకే. నికోబార్ భాషలు కూడా ఆస్ట్రోఏషియాటిక్‌లోవే. దీవుల్లో ఉన్నాయి కదా అని ఆస్ట్రోనేషియన్‌లో వేయకండి. ఆస్ట్రోనేషియన్ అంటే తైవాన్ ఆదివాసీ భాషలు, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మలేషియా భాషలు, మడగాస్కర్‌లోని మలగాసి, ఇటు పసిఫిక్‌లో ఫిజి, సమోవా, హవాయి దాకా. మొత్తం 1200కి పైగా. ఈ రెండు కుటుంబాలకూ మూలం ఒకటే అని 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ ప్రతిపాదించాడు. ఇప్పటికీ అది రుజువు కాలేదు.

ఓషియానిక్ అంటే ఏంటి?

ఆస్ట్రోనేషియన్‌లో పసిఫిక్ వైపు ఉన్న ఒక పెద్ద ఉపశాఖ. సుమారు 450 భాషలు. న్యూగినీకి తూర్పున ఉన్న బిస్మార్క్ దీవుల్లో మూడు వేల ఏళ్లకు కాస్త ముందు మాట్లాడిన ఒక మూలభాష నుంచి ఇవన్నీ వచ్చాయి. దీన్ని మూల ఓషియానిక్ అంటారు. రాతలో దొరకలేదు, వారసుల్ని పోల్చి కట్టుకున్నదే.

టికోపియా, అనుటా కూడా తెమొటు ప్రావిన్సులోవే కదా. వాటి భాషలూ తెమొటు శాఖేనా?

కాదు. ప్రావిన్సు పేరు, భాషాశాఖ పేరు ఒకటే కావడంతో వచ్చిన తికమక ఇది. టికోపియా, అనుటా, వయాకావ్-తౌమాకో భాషలు పాలినేషియన్. తూర్పున సమోవా, టోంగా వైపు నుంచి వెనక్కి పడమరకు వచ్చి స్థిరపడినవాళ్లవి. టికోపియావాళ్ల ఊళ్లు వనికోరోలో కూడా ఉన్నాయి. కాబట్టి ఈ ప్రాంతంలో ఏదైనా మాట పాలినేషియన్ మాటలా కనిపిస్తే ముందు ఎరువు మాటేమో, అంటే వేరే భాష నుంచి తెచ్చుకున్నదేమో అని అనుమానించాలి.

## చుట్టరికం తేల్చే పద్ధతి

రెండు భాషల్లో మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టాలని చెప్పేయొచ్చు కదా?

చెప్పకూడదు. మలయ్ భాషలో కన్నును "మత" అంటారు. ఈనాటి గ్రీకులో "మాతి" అంటారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, యాదృచ్ఛికం.

చూడాల్సింది పోలిక కాదు, తేడాలో ఉన్న క్రమం. తెలుగు పులి కన్నడంలో హులి. పాలు హాలు, పండు హణ్ణు. తెలుగులో మొదట ప ఉన్నచోట కన్నడంలో హ. ఇంకో వరస చూడండి. కన్నడ కివి మనకు చెవి, కెరె మనకు చెరువు, కెయ్ మనకు చెయ్యి. ఎ, ఇ లాంటి అచ్చుల ముందు క ఉన్నచోట మనకు చ వచ్చింది. ఇలా ఒకే తేడా మాట తర్వాత మాటలో వస్తుంటే అది కాకతాళీయం కాదు. పసిఫిక్‌లోనూ ఇదే సంగతి. న్యూజిలాండ్ మావోరీలో త ఉన్నచోట హవాయి భాషలో క ఉంటుంది. "తపు" అక్కడ "కపు", "తంగత" అక్కడ "కనక". నిజానికి, పైకి అసలు పోలిక కనిపించని జంటలే మంచి సాక్ష్యం. మలయ్‌లో అయిదు "లిమ", మలగాసిలో "దిమి". ఇ ముందు ల కాస్తా ద అయింది. ఈ నియమం మలగాసిలో వేరే మాటల్లోనూ పనిచేస్తుంది కాబట్టే ఈ రెండూ ఒకే మాట అంటున్నాం.

ఎరువు తెచ్చుకున్న మాటో, పుట్టుకతో వచ్చిన మాటో ఎలా తెలుస్తుంది?

మూడు సంగతులు చూస్తారు. ఆ మాట ఏ రకానిది? కన్ను, చెయ్యి, రెండు, నీళ్లు, చావడం, నేను లాంటివి ఎరువు రావడం తక్కువ. వ్యాపారం, మతం, పరికరాల మాటలు సులభంగా వస్తాయి. ఆ భాష మామూలుగా పాటించే ధ్వని నియమాలు ఆ మాటలోనూ కనిపిస్తున్నాయా? ఎరువు మాట ఆలస్యంగా వస్తుంది కాబట్టి పాత మార్పులు దానికి అంటవు. మూడోది, ప్రత్యయాలు, సర్వనామాల్లాంటి వ్యాకరణ సామగ్రి ఎవరితో కలుస్తోంది?

మన భాష విషయంలో ఈ లెక్క ఎప్పుడో తేలింది. తెలుగులో సంస్కృతం మాటలు కుప్పలుగా ఉన్నా తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో చుట్టరికమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపించాడు. ధాతువులు, అచ్చతెలుగు మాటలు పక్కపక్కన పెట్టి చూపించాడు.

సరే, చుట్టాలని తేలింది. మరి "దగ్గరి చుట్టాలు" అని ఉపశాఖ ఎలా కడతారు?

ఉమ్మడిగా నిలబెట్టుకున్న పాత లక్షణాలతో కాదు, ఉమ్మడిగా తెచ్చుకున్న కొత్త మార్పులతో. రెండు ఇళ్లలోనూ తాతగారి పాత గడియారం లాంటిదే ఉందంటే ఇద్దరూ ఆయన వారసులని మాత్రమే తెలుస్తుంది. ఆ ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలా అన్నది తెలియదు.

ఓషియానిక్ శాఖకు గుర్తు ఇలాంటి కొత్త మార్పే. ఆరు అనే అంకె తీసుకోండి. మలయ్‌లో "ఎనమ్", ఫిలిప్పీన్స్ భాష టాగలోగ్‌లో "అనిమ్", మలగాసిలో "ఎనిన". మూల రూపం "ఎనెమ్", అందులోని ఎ నిజానికి ఎ, అ మధ్య నలిగే పొట్టి అచ్చు. ఓషియానిక్ భాషల్లో ఆ అచ్చు ఒ అయింది. అందుకే ఫిజి, సమోవా, మావోరీ, హవాయి అన్నిచోట్లా "ఒనొ". ఈ మార్పును, దీనితోపాటు వచ్చిన మరికొన్నింటిని జర్మన్ పండితుడు డెంప్‌వోల్ఫ్ 1930ల్లోనే పట్టుకున్నాడు.

ద్రావిడంలో దీనికి జత కావాలంటే తమిళ "అవన్", "ఉరల్" మనకు "వాడు", "రోలు" కావడం చూడండి. మాట మొదటి అచ్చు లోపలికి జరిగిపోయింది. ఈ ధోరణి గోండి, కువి, కొండ భాషల్లోనూ ఉంది. తెలుగును వాటితో కలిపి దక్షిణ-మధ్య ద్రావిడంలో వేయడానికి భద్రిరాజు కృష్ణమూర్తి గారు చూపిన బలమైన కారణాల్లో ఇదొకటి.

ఇంత శ్రమెందుకు? రెండొందల మాటల జాబితా తీసుకుని శాతాలు లెక్కేస్తే సరిపోదా?

1965లో ఇసిడోర్ డయెన్ అదే చేశాడు. వందల ఆస్ట్రోనేషియన్ భాషల మౌలిక పదాలు పోల్చి శాతాలు తీశాడు. మెలనేషియా (న్యూగినీ నుంచి ఫిజి దాకా ఉన్న దీవులు) భాషల మధ్య శాతాలు బాగా తక్కువ వచ్చాయి. ఎక్కడ వైవిధ్యం ఎక్కువో అదే పుట్టినిల్లు అన్న సూత్రం పట్టుకుని, ఆస్ట్రోనేషియన్ పుట్టిల్లు మెలనేషియా వైపు చూపించాడు. అది తప్పు. ధ్వని మార్పుల ఆధారంతో రాబర్ట్ బ్లస్ట్ 1977 నుంచి చూపిస్తూ వచ్చిందేమిటంటే, అసలు వైవిధ్యం తైవాన్‌లో ఉంది. 1999 నాటి ఆయన లెక్కలో పది మొదటి శాఖల్లో తొమ్మిది ఆ ఒక్క దీవిలోనే. తైవాన్ బయట ఉన్నవన్నీ కలిపి ఒక్కటే శాఖ.

శాతం ఎందుకు మోసం చేసిందంటే, భాషలన్నీ ఒకే వేగంతో మాటలు మార్చుకోవు. మెలనేషియాలో చాలా భాషలు పాత మాటల్ని చాలా వేగంగా వదిలేశాయి. తెమొటు భాషలు అందులో మరీ ముందుంటాయి. కాబట్టి శాతం తక్కువ వచ్చిందని దూరపు చుట్టమనుకుంటే పొరపాటే.

ఇప్పుడు కంప్యూటర్లు చేస్తున్నాయటగా?

చేస్తున్నాయి. 2009లో రసెల్ గ్రే బృందం 400 ఆస్ట్రోనేషియన్ భాషల పదాలతో వంశవృక్షం గీసింది, తైవాన్ మూలానికి అది బలమిచ్చింది. కానీ ఏ రెండు మాటలు ఒకే మూలానివో ముందుగా మనిషే చెప్పాలి. అరిగిపోయిన మాటలున్న భాషల్లో ఆ పనే కష్టం.

## తెమొటు తగాదా

రీఫ్, శాంతాక్రూజ్ భాషల్ని పాపువన్ అని ఎందుకన్నారు?

ఆస్ట్రేలియాలో పనిచేసిన స్టీఫెన్ వూర్మ్ 1960ల చివర్లో, 1970ల్లో ఈ భాషల మీద రాశాడు. పాపువన్ భాషల మీద ఆ కాలంలో ఆయన కన్నా ఎక్కువ చూసినవాళ్లు తక్కువ. ఆయన చూసింది ఇదీ: క్రియాపదం ముందూ వెనకా ప్రత్యయాల దొంతర, పక్కనున్న ఓషియానిక్ భాషల్లో లేనంత. నామవాచకాలకు రకరకాల వర్గాలు ఉన్నట్టు కనిపించింది. పదజాలంలో ఎక్కువ భాగం ఎక్కడిదో తెలియదు, ఆస్ట్రోనేషియన్‌గా గుర్తుపట్టగలిగింది కొంచెమే. దాంతో, అసలు ఇవి పాపువన్ భాషలని, ఆస్ట్రోనేషియన్ మాటలు తర్వాత ఎరువు వచ్చాయని తేల్చి, తన "తూర్పు పాపువన్" మహాకుటుంబంలో చేర్చాడు.

పాపువన్ అనేది కుటుంబం పేరు కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. న్యూగినీ చుట్టుపక్కల ఉండి ఆస్ట్రోనేషియన్ కాని భాషలన్నిటికీ పెట్టిన ఉమ్మడి పేరు. సాలమన్ దీవుల్లో నిజంగానే అలాంటివి నాలుగున్నాయి: బిలువా, టోవో, లవుకలెవె, సవోసవో. కాబట్టి ఐదోది కూడా ఉండొచ్చనుకోవడంలో అసంబద్ధమేమీ లేదు.

నామవర్గాల గొడవ ఏమిటి? తెలుగు ఉదాహరణతో చెప్పండి.

తెలుగులో "రాముడు వచ్చాడు", "సీత వచ్చింది", "బండి వచ్చింది". "ఇద్దరు మనుషులు" అంటాం, "రెండు చెట్లు" అంటాం. నామవాచకం ఏ వర్గానిదో దాన్ని బట్టి క్రియ మారుతోంది, సంఖ్య మారుతోంది. పక్కనున్న మాటల మీద ప్రభావం పడితేనే దాన్ని వర్గం అంటారు.

ఇప్పుడు ఇంకో వరస. వేపచెట్టు, మామిడిచెట్టు, చింతచెట్టు. అన్నిటిలోనూ "చెట్టు" ఉంది. అంతమాత్రాన తెలుగులో "చెట్టు వర్గం" ఉందంటామా? అనం. అది సమాసం.

ఆయివోలో నామవాచకాలకు అతుక్కుని వచ్చే ముక్కల్ని వూర్మ్ వర్గ చిహ్నాలనుకున్నాడు. నార్వేకు చెందిన ఓశిల్డ్ నెస్ రీఫ్ దీవుల్లో పనిచేసి, అవి రెండో రకానివని 2006లో చూపించింది. విడిగా నిలబడలేని నామాలు అవి, ముందు చేరి సమాసం చేస్తాయి. ఓషియానిక్ భాషల్లో ఇలాంటివి వేరేచోట్లా ఉన్నాయి. పాపువన్ వాదానికి పెద్ద స్తంభం అక్కడే కూలింది.

మరి ఓషియానిక్ అని ఖాయంగా ఎప్పుడు తేలింది?

అనుమానం ముందే ఉంది. పీటర్ లింకన్ 1978లోనే ఇవి ఆస్ట్రోనేషియన్ అని వాదించాడు, కానీ ఆ రోజుల్లో వూర్మ్ మాటే ఎక్కువమంది తీసుకున్నారు. 2007లో మాల్కమ్ రాస్, ఓశిల్డ్ నెస్ కలిసి ఆయివో పదాలకు, మూల ఓషియానిక్ రూపాలకు మధ్య క్రమబద్ధమైన ధ్వని సంబంధాలు చూపించారు. 2008లో నెస్, బ్రెండా బోర్గర్ క్రియల వైపు నుంచి వచ్చారు. వూర్మ్‌కు వింతగా కనిపించిన ఆ ప్రత్యయాల దొంతర ఓషియానిక్ క్రియా నిర్మాణం నుంచే పుట్టగలదని వివరించారు.

నా ఉద్దేశంలో ఈ రెండో వ్యాసానిదే అసలు దెబ్బ. మాటలు కలిశాయంటే "ఎరువు తెచ్చుకున్నారు" అనొచ్చు. ఏ ప్రత్యయం ఏ వరసలో రావాలి అన్నది కూడా ఎరువు తెచ్చుకున్నారంటే నమ్మడం కష్టం.

ఇంత తేలిక విషయం అన్నేళ్లు ఎందుకు కనపడలేదు?

తేలిక కాదు. ఈ భాషల్లో మాటలు బాగా అరిగిపోయాయి. చివరి అక్షరాలు రాలిపోయాయి, అచ్చులు ఒకదాని ప్రభావంతో ఇంకొకటి మారి సంఖ్య పెరిగింది. మూడక్షరాల పాత మాట ఒకటిన్నర అక్షరంగా మిగిలితే దాన్ని గుర్తుపట్టాలంటే ఏ అక్షరం ఎక్కడ రాలుతుందో నియమం ముందు తెలియాలి. ఆ నియమం తెలియాలంటే మంచి నిఘంటువు, వ్యాకరణం ఉండాలి. వూర్మ్ కాలానికి అవి లేవు.

పురావస్తువాళ్లు ఏమంటున్నారు?

వాళ్లకు పాపువన్ వాదం మొదటినుంచీ చిక్కే. సాలమన్ ప్రధాన దీవుల్లో మనుషులు దాదాపు ముప్పై వేల ఏళ్లుగా ఉన్నారు. కానీ ఆ 400 కిలోమీటర్ల సముద్రానికి ఇవతల, రీఫ్, శాంతాక్రూజ్ దీవుల్లో, మూడు వేల ఏళ్ల కిందటి లపిత జనం కన్నా ముందు ఎవరైనా ఉన్నట్టు ఆధారం లేదు. లపిత అంటే పళ్ల దువ్వెనలాంటి ముద్రలతో అలంకరించిన ఒక రకం మట్టిపాత్రల పేరు. ఓషియానిక్ భాషలు పసిఫిక్‌లోకి వ్యాపించిన దారి, ఈ పాత్రలు దొరికే దారి ఒకటే. రోజర్ గ్రీన్ 1970ల్లో రీఫ్ దీవుల్లోని నెనుంబోలో, నెండోలో తవ్వినప్పుడు ఆ కుండపెంకులతోపాటు నల్లటి అగ్నిపర్వత గాజు రాయి ముక్కలు దొరికాయి. ఆ రాయి వచ్చింది సుమారు రెండు వేల కిలోమీటర్ల దూరంలోని న్యూబ్రిటన్ దీవి, తలసియా నుంచి. మొదట వచ్చినవాళ్లే ఓషియానిక్ మాట్లాడేవాళ్లయితే, వాళ్లకన్నా ముందున్న పాపువన్ భాష ఎక్కణ్నుంచి వస్తుంది?

డీఎన్ఏ చూస్తే తేలిపోదా?

డీఎన్ఏ మనుషుల సంగతి చెబుతుంది, భాష సంగతి కాదు. దక్షిణాన పక్కనే ఉన్న వనువాటు చూడండి. అక్కడ తెయూమా అనే చోట దొరికిన లపిత కాలపు ఎముకల్లో పాపువన్ వారసత్వం దాదాపు లేదని 2016లో తేలింది. తర్వాతి శతాబ్దాల్లో బిస్మార్క్ వైపు నుంచి పాపువన్ వారసత్వమున్న జనం వచ్చి చేరారు. నేటి వనువాటు ప్రజల్లో ఎక్కువ భాగం ఆ వారసత్వమే. అయినా అక్కడి వందకు పైగా భాషలన్నీ ఓషియానిక్. రక్తం మారింది, భాషా వంశం మారలేదు. కాబట్టి తెమొటు జనంలో పాపువన్ వారసత్వం కనిపించినా, దాన్ని పట్టుకుని భాష పాపువన్ అనడానికి లేదు.

అయితే తగాదా ముగిసినట్టేనా?

సగం. రీఫ్, శాంతాక్రూజ్ భాషలు ఓషియానిక్ అన్నదాన్ని ఇప్పుడు గట్టిగా కాదనేవాళ్లు కనిపించరు. రెండో సగం వేరే ప్రశ్న. రీఫ్-శాంతాక్రూజ్, ఉటుపువా, వనికోరో మూడు గుంపులూ కలిసి "తెమొటు" అనే ఒక్క శాఖా, అది నేరుగా మూల ఓషియానిక్ నుంచి విడిపోయిందా? రాస్, నెస్ 2007లో అవునన్నారు. ఎక్కువమంది ఇప్పుడు ఆ పేరు వాడుతున్నారు. 2021లో విలియం లాకీ, బోర్గర్ ధ్వని మార్పుల్ని మళ్లీ మొదటినుంచీ పరిశీలించారు. నాకైతే మొదటి సగం మీద సందేహం లేదు. రెండో సగాన్ని పనికొచ్చే ప్రతిపాదనగానే తీసుకుంటాను. ఉటుపువాలో రెండు భాషల సామగ్రి పదాల జాబితాల స్థాయి దాటలేదు. అంత తక్కువ సరుకుతో ఉమ్మడి మార్పుకు, పక్కపక్కన బతకడం వల్ల వచ్చిన పోలికకు తేడా చెప్పడం మాటలు కాదు.

## వనికోరో: మూడు భాషలు, ఒకటే వాక్యం

ఒక్క దీవిలో మూడు భాషలెందుకు? మాండలికాలేమో?

మాండలికాలు కావు. మామూలుగా మాండలికాల్లో మాటలు చాలావరకు ఒకటే, యాస వేరు. వనికోరోలో తలకిందులు. 2005లో లాపెరూజ్ ఓడల శకలాల కోసం వెళ్లిన ఫ్రెంచి బృందంతోపాటు అలెగ్జాండర్ ఫ్రాన్సువా అనే భాషావేత్త అక్కడికి వెళ్లాడు. తెయాను, లొవోనో, తానెమా మూడింటి మాటలూ రాసుకుని పోల్చాడు. పదాలు ఒకదానికొకటి పోలికే లేనంత వేరు. కానీ వాక్య నిర్మాణం, పదాల అర్థాల హద్దులు, జాతీయాలు కూడా అచ్చు ఒక్కటే. ఒక భాష వాక్యంలో మాట తీసి మాట పెడితే రెండో భాష వాక్యం తయారవుతుంది.

ఇది రెండు శక్తుల పని. ఒక్కో తెగ తన మాటల్ని తన గుర్తుగా విడిగా ఉంచుకుంది. అదే సమయంలో పెళ్లిళ్లు, విందులు, ఇచ్చిపుచ్చుకోవడాలతో తరాల తరబడి అందరూ రెండు మూడు భాషలు మాట్లాడటంతో ఆలోచన, వ్యాకరణం ఒక అచ్చులోకి వచ్చేశాయి. వర్గీకరించేవాళ్లకు ఇది హెచ్చరికే. వ్యాకరణం పోలికను మాత్రమే చూస్తే ఇవి నిన్నమొన్న విడిపోయిన అక్కచెల్లెళ్లనుకుంటాం. మాటల శాతం చూస్తే వేల ఏళ్ల దూరమనుకుంటాం. రెండూ నమ్మకూడదు. ధ్వని నియమాలు పట్టుకుని పదాల లోపలికి వెళ్తే గానీ ఈ మూడూ వనికోరో గుంపు అని కుదురుగా చెప్పలేం.

లొవోనో, తానెమా ఎందుకు పోయాయి? ఎవరైనా నిషేధించారా?

నిషేధం లేదు. దీవి జనాభా బాగా పడిపోయింది, మిగిలినవాళ్లు తెగల హద్దులు వదిలి కలిసిపోయిన ఊళ్లలో తెయాను అందరి భాష అయింది. పెద్ద భాష చిన్న భాషను మింగిందంటే మనకు ఇంగ్లిషో పిజినో గుర్తొస్తుంది. ఇక్కడ మింగింది వెయ్యి మంది కూడా మాట్లాడని భాష.

1828 నాటి పదాల జాబితాను నమ్మొచ్చా?

జాగ్రత్తగా నమ్మొచ్చు. గైమార్ డాక్టరు, ప్రకృతి శాస్త్రవేత్త. భాషాశాస్త్రం చదవలేదు. ఫ్రెంచి చెవితో విని ఫ్రెంచి స్పెల్లింగులో రాశాడు. వేలు పెట్టి చూపించి పేరు అడిగితే చెప్పేవాడు దేని పేరు చెప్పాడో ఎవరికి తెలుసు? కానీ ఆయన ఒక మంచి పని చేశాడు. ఒక్క భాష కాకుండా మూడింటి మాటల్నీ పక్కపక్క వరసల్లో పెట్టాడు. ఫ్రాన్సువా తన నోట్సుతో పోల్చినప్పుడు అవే మూడు భాషలని తెలిసింది. దాదాపు 180 ఏళ్ల తేడాతో రెండు కొలతలన్నమాట. ఓషియానిక్ భాషల్లో చాలావాటికి ఈ అదృష్టం లేదు.

ఒకరిద్దరు ముసలివాళ్లు మాత్రమే మాట్లాడే భాషతో వర్గీకరణ చేయగలమా?

మౌలిక పదాలు, సర్వనామాలు, అంకెలు, కొన్ని వందల వాక్యాలు దొరికితే కుటుంబం ఏదో చెప్పొచ్చు. ఉపశాఖ చెప్పడానికి అది చాలకపోవచ్చు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఏళ్ల తరబడి మాట్లాడే తోడు లేని మనిషి గుర్తుచేసుకుని చెప్పేటప్పుడు రోజూ వాడే భాష మాటలు మధ్యలో దూరతాయి. అది తప్పు కాదు, కానీ రాసుకునేవాళ్లు కనిపెట్టాలి.

## చదవాలనుకునేవాళ్లకు

నతుగు పేరును ఇంగ్లిషులో రెండు రకాలుగా రాస్తున్నారు. ఏది సరైనది?

రెండూ సరైనవే. ఈ భాషలో అచ్చులు చాలా ఎక్కువ, రోమన్ లిపిలో అయిదే. మొదట అచ్చుల మీద చుక్కలు పెట్టి రాసేవారు. టైపు చేయడం యాతన. తర్వాత ఈ భాషకు అవసరం లేని సి, క్యూ, ఆర్, ఎక్స్, జెడ్ అక్షరాల్ని అచ్చులుగా వాడే పద్ధతి తెచ్చారు. అందుకే పేరు మధ్యలో "యు" మీద రెండు చుక్కలకు బదులు క్యూ కనిపిస్తుంది. చూడగానే అచ్చుతప్పు అనిపిస్తుంది, కాదు. వెతికేటప్పుడు రెండు స్పెల్లింగులతోనూ వెతకండి.

ఆయివోలో ఫిలిప్పీన్స్ భాషల లక్షణాలున్నాయంటారు, నిజమా?

ఒక లక్షణం పోలుతుంది. కర్తకు ప్రాధాన్యం ఇచ్చే క్రియారూపం, కర్మకు ప్రాధాన్యం ఇచ్చే క్రియారూపం రెండూ సమాన హోదాలో ఉంటాయి. మన "చంపాడు", "చంపబడ్డాడు"లా ఒకటి సహజం, ఇంకొకటి కృతకం కాదు. ఓషియానిక్‌లో ఇది అరుదు. ఫిలిప్పీన్స్ నుంచి నేరుగా వచ్చిందని మాత్రం దీన్నిబట్టి అనకూడదు.

వర్గీకరణ ఎలా ఉన్నా ఆ దీవుల వాళ్లకు ఒరిగేదేంటి?

నేరుగా ఏమీ ఉండకపోవచ్చు. కానీ వర్గీకరణ కోసం తయారైన నిఘంటువు, రికార్డింగులు, రాత పద్ధతి వాళ్ల పిల్లలకు పనికొస్తాయి. ఇంకొకటి, "మీ భాష ఏ కుటుంబానికీ చెందని కలగూరగంప" అని పరాయివాళ్లు రాసిన మాట పుస్తకాల్లో ఉండిపోవడం ఎవరికీ బాగుండదు.

తెలుగు విద్యార్థిని. మొదలుపెట్టాలంటే ఎక్కడ?

పసిఫిక్ భాషలతో కాకుండా ద్రావిడంతోనే మొదలుపెట్టండి. కొలామి, గదబ, కువి, కొండ భాషలు మన దగ్గరే ఉన్నాయి. వాటి మాటలకు, తెలుగుకు మధ్య ధ్వని నియమాలు మీరే కాగితం మీద తీసి చూడండి. యాభై మాటల దగ్గర నియమం అనుకున్నది నూరో మాట దగ్గర విరుగుతుంది. అప్పుడు ఎరువు మాటో, ఇంకో నియమమో వెతకాల్సి వస్తుంది. ఆ అలవాటు పడ్డాక మూల ఓషియానిక్ పదాల పట్టికలు తెరిస్తే టెన్షన్ పడకుండా చదవగలుగుతారు.

ఈ భాషలు వినడానికి దొరుకుతాయా?

దొరుకుతాయి. ఫ్రాన్స్ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ నడిపే పాంగ్లాస్ అనే ఉచిత భాండాగారంలో ఫ్రాన్సువా చేసిన వనికోరో రికార్డింగులున్నాయి. ఆయన తయారుచేసిన తెయాను నిఘంటువు కూడా ఇంటర్నెట్‌లో ఉచితం. ముందు తెయాను కథ ఒకటి కింది అనువాదంతో సహా వినండి, తర్వాతే లొవోనో, తానెమా ముక్కల జోలికి వెళ్లండి. అవి చాలా చిన్నవి, తెయాను చెవికి పట్టకుండా వింటే తేడా తెలియదు.